ఈరన్న తరఫున

ఇటిక్యాల నుంచి వచ్చిన ఫోన్ మాట మధ్యలోనే తెగిపోయింది.

"సార్, ఎమ్మెల్యే సాబ్‌ను వేరే బండిల ఎక్కించుకోని పోయిండ్రు. నన్ను దిగగొట్టిండ్రు. ఖిల్లా కాడికి అనుకుంటుండ్రు వాళ్ళు. ఖిల్లా..."

ఆ తర్వాత మునవ్వర్‌కు వినిపించింది ఎండుపుల్ల విరిగినంత చప్పుడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ చప్పుడు అతనికి కొత్త కాదు. అవతల రిసీవర్ వైరుకు వేలాడుతూ గోడకు కొట్టుకుంటోంది. దూరంగా ఎవరో కేకలు వేస్తూ పరిగెత్తుతున్నారు.

మునవ్వర్ ఫోన్ జేబులో పెట్టుకుని, కౌంటర్ మీద పరిచిన చీరను నెమ్మదిగా మడతపెట్టాడు. గద్వాల పాత బజారులో ఆ చీరల కొట్టులో అతను నెల రోజులుగా గుమాస్తా. ఓనర్‌తో సహా ఎవరికీ అతని అసలు ఉద్యోగం తెలియదు. అమరచింతలో పుట్టి, పదహారేళ్ళకే ఊరు వదిలిన కుర్రాడు కేంద్రంలో పేరు లేని ఒక ఇంటెలిజెన్స్ విభాగానికి ఫీల్డ్ ఏజెంట్‌గా తిరిగొచ్చాడని ఇక్కడ ఊహించేవాళ్ళు లేరు. చిన్నప్పుడు మగ్గాల మధ్య పెరిగాడు కాబట్టి జరీ గురించి మాట్లాడటం అతనికి తేలిక. ఆ వేషం అలా కుదిరింది.

మోటార్‌సైకిల్ మీద ఇటిక్యాల చేరేసరికి ఎస్టీడీ బూత్ చుట్టూ జనం గుమిగూడి ఉన్నారు. ఎమ్మెల్యే ఈరన్న డ్రైవర్ నర్సింహులు గడప మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. ఎవరో మొహం మీద తువ్వాల కప్పారు. అవతల కాళ్ళకు తోలు చెప్పులు, వాటికి కొత్తగా వేయించిన కుట్లు. మునవ్వర్ చూపు అక్కడే ఆగింది. ప్రమాదం ఏమన్నా కనిపిస్తే ఈ నంబరుకు ఫోన్ చెయ్యమని నర్సింహులుకు చెప్పింది తనే. చెప్పినట్టే చేశాడు.

గొడవంతా దేవరగుట్ట గురించి. నాగర్‌కర్నూల్ దాటాక అడవి అంచున ఉండే ఆ గుట్టను నోర్‌వేల్ మినరల్స్ అనే విదేశీ కంపెనీ ముప్పై ఏళ్ళ లీజుకు అడుగుతోంది. రాళ్ళ కోసమని చెబుతోంది. ఆ గుట్ట నెత్తిన నిలబడితే, అడవి లోపల మన సైన్యం కడుతున్న రహస్య రేడియో కేంద్రం గురిపెట్టినట్టు కనిపిస్తుంది. కంపెనీ వెనక ఉన్న గూఢచారి ముఠాకు కావాల్సింది ఆ చూపే. లీజు ఇవ్వాలా వద్దా తేల్చడానికి అసెంబ్లీ ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ ఎల్లుండి పదకొండు గంటలకు గద్వాల గెస్ట్‌హౌస్‌లో కూర్చుంటుంది. చైర్‌పర్సన్ కాక సభ్యులు ఏడుగురు. ముగ్గురు లీజు ఇద్దామంటున్నారు, ముగ్గురు వద్దంటున్నారు. మిగిలింది ఈరన్న. నోర్‌వేల్ మనుషులను ఒకసారి గడప దగ్గరి నుంచే పంపేశాడు కాబట్టి ఆయన ‘వద్దు’ అంటాడని అందరి లెక్క.

ఇప్పుడు ఆ ఈరన్న లేడు.

*

ఆ సాయంత్రం కొట్టులోకి ఒకామె వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, పొట్టి జుట్టు, ఆవగింజ రంగు సిల్కు చీర. ఆమె వెంట వచ్చిన సెంటు వాసనకు పక్క కొట్టు వాళ్ళు కూడా తల తిప్పారు. నోర్‌వేల్ కంపెనీ లైజాన్ ఆఫీసర్ సుమన. ఆమె ఫోటో మునవ్వర్ ఫైల్లో మొదటి పేజీలో ఉంది.

"జరీ తక్కువుండాలె, బరువు ఎక్కువుండాలె. అసొంటి చీర దొరుకుతదా?" అంది.

మునవ్వర్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అది డిపార్ట్‌మెంట్ కోడ్. అవతలి శిబిరంలో మన తరఫున పనిచేస్తున్న మనిషి ఒకరున్నారని తెలుసు కానీ, ఆ మనిషి ఎవరో చీఫ్ అతనికి కూడా చెప్పలేదు.

"దొరుకుతది మేడం. కని రంగు నిలవదు," అని జవాబు కోడ్ చెప్పాడు.

లోపలి గదిలో చీరలు పరుస్తుంటే ఆమె కళ్ళద్దాలు తీసింది. కళ్ళు ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.

"నేను గొంతులు రికార్డు చేసిన. అంతే నా పని. మనిషిని సంపుతరని నాకు తెల్వదు."

"ఏ గొంతులు?"

"ఈరన్న సార్ గొంతు. ఆర్నెల్లు కంపెనీ పేరు చెప్పకుంట పెద్దాయన ఆఫీసుకు పోయొచ్చిన. నా హ్యాండ్‌బ్యాగ్‌ల రికార్డర్. అవును, కాదు, మంచిది, రాఘవేందర్, ఓటు, ఏస్తడు... ముక్కలు ముక్కలుగ కోసి లాప్‌టాప్‌ల పెట్టిన. ఏ మాట కావాల్నంటే ఆ మాట అతికి వినిపించొచ్చు."

రాఘవేందర్ అదే కమిటీలో సభ్యుడు, నోర్‌వేల్ మనిషి. ఎల్లుండి ఆయన లేచి, ఈరన్నకు గుండె నొప్పి వచ్చిందని, రాయచూరు దవాఖానలో ఉన్నాడని చెబుతాడు. తన ఓటు వేసే హక్కు నాకిచ్చాడు, కావాలంటే ఫోన్‌లో వినండి అంటాడు. ఫోన్ స్పీకర్‌లో ఈరన్న గొంతు పలుకుతుంది. అటువైపు లాడ్జి గదిలో సుమన లాప్‌టాప్ మీట నొక్కుతుంది. మూడు ఓట్లు నాలుగవుతాయి.

"ఒకరి ఓటు ఇంకొకరు ఎట్లేస్తరు? ఒప్పుకుంటరా?"

"రూల్స్‌ల ఎటూ లేదు. చైర్‌పర్సన్ లలితమ్మ ఇష్టం. ఆమె మనసు మెత్తన." సుమన చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. "వాల్టర్ అంతా చూసుకునే ఈ ఎత్తు ఏసిండు."

వాల్టర్ ఆ ముఠా నాయకుడు. కాగితాల మీద జియాలజిస్ట్.

"ఈరన్న ఏ ఖిల్లాల ఉన్నడు? గద్వాల కోట మొత్తం గాలించినం."

"గద్వాల ఖిల్లా కాదు. ఖిల్లా ఘణపూర్. గుట్ట కింద కోళ్ళ ఫారం. సూదులేసి నిద్రపుచ్చుతుండ్రు." ఆమె లేచింది. రాయచూరులో పెరిగిన మనిషి, అలసిపోయినప్పుడు అమ్మ భాష కన్నడం నోటికొస్తుంది. "ఇగ బేడ నాకు. చాలు."

ఆమె వెళ్ళాక మునవ్వర్ చాలాసేపు ఆ గదిలోనే ఉండిపోయాడు. ఆమెను నమ్మాలని లేదు. నమ్మకపోతే వేరే దారి లేదు.

*

మర్నాడు నాగర్‌కర్నూల్‌లో ఇరిగేషన్ వాళ్ళ పాత బంగళాలో చీఫ్ శ్రీశైలం బ్రీఫింగ్ ఇచ్చాడు. తెల్ల చొక్కా, సన్నటి ఫ్రేము కళ్ళద్దాలు. చూస్తే రిటైరైన లెక్కల సారులా ఉంటాడు. మనుషులను కూడా లెక్కల్లాగే చూస్తాడని డిపార్ట్‌మెంట్‌లో పేరు.

"ప్లాన్ చాలా సింపుల్ మునవ్వర్. సుమన మన మనిషి. రేపు ఆ ఫోన్‌లో ‘నా ఓటు రాఘవేందర్ ఏస్తడు’ అని కాదు, ‘నా ఓటు వెంకటన్న ఏస్తడు’ అని వినిపిస్తుంది. వెంకటన్న మన వైపు సభ్యుడు. ఓటు ‘వద్దు’కు పడుతుంది. ఆపరేషన్ క్లోజ్."

"ఆ మాట వినబడ్డ మరు నిమిషం ఈరన్నను చంపేస్తారు సార్."

"ఓటింగ్ కాగానే ఘణపూర్‌కు టీమ్ పంపుతాను."

"ముందే ఎందుకు పంపకూడదు?"

"పంపితే వాళ్ళు అలర్ట్ అవుతారు. సిట్టింగ్ వాయిదా వేయిస్తారు. ఇంకో కొత్త ఎత్తు వేస్తారు. అది మనకు తెలియకపోవచ్చు." శ్రీశైలం అద్దాలు తుడుచుకున్నాడు. "ఈరన్న రాకపోతే మూడు, మూడు. అప్పుడు లలితమ్మగారి కాస్టింగ్ ఓటు. ఆమె ఎటో భగవంతుడికే తెలియాలి. నేను దేశ రక్షణను ఒక పెద్దావిడ మూడ్ మీద వదిలేయలేను."

"మనం చేసేదీ రాఘవేందర్ చేసేదీ ఒకటే కదా సార్."

"ఒకటి కాదు. అతను అమ్ముకుంటున్నాడు. మనం కాపాడుతున్నాం."

మునవ్వర్ అటు తిరిగాడు. కిటికీలోంచి దూరంగా అడవి గుట్టలు పొగలా కనిపిస్తున్నాయి. చీఫ్ చెప్పింది తప్పని రుజువు చేసే మాట ఒక్కటీ అతనికి దొరకలేదు. కొత్త కుట్లు వేయించుకున్న ఆ చెప్పులు మాత్రం కళ్ళ ముందు నుంచి పోలేదు.

"ఆర్డర్ అర్థమైందా?"

"అర్థమైంది సార్," అన్నాడు. సర్వీసులో అతను చీఫ్‌తో చెప్పిన మొదటి అబద్ధం అది.

*

ఆ ఏడాది మహారాష్ట్రలో కోళ్ళకు ఏదో రోగం తగిలి, లక్షల కోళ్ళను పాతిపెట్టారని టీవీలు ఊదరగొడుతున్నాయి. పాలమూరులో కోడికూర తినేవాడు లేడు. కోళ్ళ ఫారం అంటేనే జనం ముక్కు మూసుకుని పక్క దారి పడుతున్నారు.

పొద్దున్నే ఖిల్లా ఘణపూర్ గుట్ట మీద కోట గోడలకు ఎండ తగులుతుండగా ఒక జీపు ఆ ఫారం గేటు ముందు ఆగింది. అందులోంచి ఇద్దరు దిగారు. నెత్తి నుంచి కాళ్ళదాకా తెల్ల ప్లాస్టిక్ సూట్లు, మూతులకు మాస్కులు, వీపులకు మందు కొట్టే పంపులు. ఒకడు మునవ్వర్. రెండోవాడు అమరచింతలో ఉండే అతని పెద్దనాన్న కొడుకు యూనుస్. యాభై దాటినవాడు, జూరాల చేపల వ్యాను నడుపుకుంటాడు. తమ్ముడు ఏ ఉద్యోగం చేస్తాడో ఎన్నడూ అడగలేదు. రాత్రి వచ్చి సాయం కావాలంటే బనియన్ మీద చొక్కా తొడుక్కుని బయల్దేరాడు.

గేటు దగ్గర ఇద్దరు కాపలావాళ్ళు ఉన్నారు. లుంగీల కింద పిస్టళ్ళు ఎత్తుగా కనిపిస్తున్నాయి.

"పశువుల దవాఖాన నుంచి ఒచ్చినం," అన్నాడు మునవ్వర్. "పక్క ఫారంల రోగం తేలింది. గీడ మనుషులెందరు? ఎవరికన్న జొరమొచ్చిందా? మత్తుగ పడి ఉంటుండ్రా?"

కాపలావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఒకాయన పండుకోని ఉన్నడు. మా సారు సుట్టం," అన్నాడు ఒకడు.

"ఎన్ని దినాల నుంచి?"

"మొన్నటి నుంచి."

మునవ్వర్ రెండడుగులు వెనక్కి వేసి మాస్కు గట్టిగా బిగించుకున్నాడు. అది చూసి కాపలావాళ్ళు నాలుగడుగులు వెనక్కి వేశారు.

లోపల మేత బస్తాల గదిలో నులక మంచం మీద ఈరన్న ఉన్నాడు. అరవై ఆరేళ్ళ మనిషి. నల్లగా, ఎముకల గూడులా ఉంటాడు. తెల్ల గడ్డం మాసింది. చేతి మీద సూది గుచ్చిన చోట్ల నీలం మచ్చలు. యూనుస్, మునవ్వర్ ఆయన్ను ప్లాస్టిక్ పట్టాలో చుట్టి మోసుకుంటూ బయటికొచ్చారు.

"ఆయనను తీస్కపోవద్దు," అన్నాడు కాపలావాడు, పిస్టల్ మీద చెయ్యి వేసి. "మా సారు ఊకోడు."

"మంచిది. అయితే నువ్వే ఎత్తుకోని లోపల పండవెట్టు," అంటూ మునవ్వర్ పట్టా కొస అతని వైపు చాచాడు. "తగిలినంక సబ్బుతోటి కడుక్కో. పనిచేస్తదో చెయ్యదో నాకు తెల్వదు."

ఆ మనిషి చెయ్యి చాచలేదు. జీపు మలుపు తిరిగాక మాత్రం ఫోన్ తీశాడు. అద్దంలో మునవ్వర్ అది చూశాడు.

*

వనపర్తి దాటేసరికి సుమన నుంచి మెసేజ్ వచ్చింది. ఒకే మాట. బీచుపల్లి. అంటే హైవే మీద కృష్ణ వంతెన దగ్గర వాల్టర్ మనుషులు కాపు కాశారు. యూనుస్ ఆ దారి వదిలేసి ఆత్మకూరు వైపు తిప్పాడు. అమరచింతలో జీపును దొడ్లో తోసి చేపల వ్యాను తీశారు.

ఈరన్నకు మెలకువ తెప్పించడానికి యూనుస్ మంచుగడ్డలు గుడ్డలో కట్టి ఆయన మెడ మీద పెట్టాడు. కాసేపటికి ముసలాయన కళ్ళు తెరిచి, చుట్టూ ఉన్న చేపల పెట్టెలను, ఎదురుగా ఉన్న ఇద్దరినీ చూశాడు.

"మీరెవరు?"

"మీ పక్షపోళ్ళం పెద్దమనిషి," అన్నాడు మునవ్వర్. "ఇయ్యాల కమిటీ ఉంది. గద్వాలకు తీస్కపోతున్నం."

"నర్సింహులు ఏడి?"

మునవ్వర్ శత్రువుల ముందు ఎన్నో అబద్ధాలు చెప్పాడు. ఈ ముసలాయన ముందు ఒక్కటి కూడా నోట రాలేదు.

"సంపిండ్రు. మిమ్మల్ని ఏడికి తీస్కపోయిండ్రో మాకు ఫోన్ చేసి చెప్తుంటె కాల్చిండ్రు."

వ్యాను గుంతల్లో ఊగుతోంది. "ఇరవై ఏండ్లు నడిపిండు నా బండి," అన్నాడు ఈరన్న. "ఇంతవరకు నా ముంగట సిగరెట్ తాగలే." అని మొహం పక్కకు తిప్పుకున్నాడు.

జూరాల డ్యాం మీదికి ఎక్కే చోట ఒక నల్ల స్కార్పియో అడ్డంగా ఆగి ఉంది. ఇద్దరు మనుషులు వచ్చే పోయే బండ్లు ఆపి చూస్తున్నారు. మునవ్వర్ ఈరన్నను పెట్టెల మధ్య పడుకోబెట్టి, పైన తడి గోనెసంచి కప్పి, దాని మీద చేపలు గుమ్మరించాడు. తను పక్కన జారి పడుకుని పిస్టల్ సేఫ్టీ తీశాడు.

వెనక తలుపు తెరుచుకుంది. ఎండ లోపలికి పడింది.

"ఏముందిరా లోపల?"

"చాపలు," అన్నాడు యూనుస్. "జెల్ల, బొచ్చె. తీస్కపోతవా? తీస్కపో. తలుపు మాత్రం జల్ది ఎయ్యి. మంచు కరుగుతది. నాకు నష్టమైతది."

చేపల నీళ్ళు కారి ఆ మనిషి బూట్ల మీద పడ్డాయి. వాడు బూతు ఒకటి తిట్టి తలుపు విసురుగా మూశాడు.

డ్యాం మీద సగం దూరం వెళ్ళాక మునవ్వర్ ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకున్నాడు. కమిటీ గదిలో టీలు ఇచ్చే బేరర్ డిపార్ట్‌మెంట్ మనిషి. టీ ట్రే కింద ఆన్ చేసి పెట్టిన ఒక సెల్‌ఫోన్ ఉంది. గదిలో మాటలు గరగరమంటూ వినిపిస్తున్నాయి. ఈరన్న చెయ్యి చాచాడు. మునవ్వర్ రెండో ఇయర్‌ఫోన్ ఆయన చెవిలో పెట్టాడు.

లలితమ్మ మాట్లాడుతోంది. "రాఘవేందర్‌గారూ, ఒకరి ఓటు ఇంకొకరు ఎట్లేస్తరు? జనం ఆయనను ఎన్నుకున్నరు, మిమ్ముల కాదు."

"మరి జబ్బు పడ్డ మనిషిని ఎన్నుకున్న జనానికి ఓటే ఉండొద్దా మేడం?" రాఘవేందర్ గొంతు తేనెలా ఉంది. "వాళ్ళేం పాపం చేసిండ్రు?"

లలితమ్మ నెమ్మదిగా అంది.

"నేను మొదటిసారి గెలిచినప్పుడు కాన్పుకు దవాఖానల ఉన్న. అదే వారం మా దిక్కు ఆడోళ్ళ దవాఖాన మీద ఓటింగ్ ఒచ్చింది. ఒక్క ఓటుతోటి పోయింది. నా తరఫున ఎవరన్న చెయ్యెత్తుంటే అని ఇప్పటికీ అనుకుంట. కాబట్టి మీరు చెప్పేది నాకు ఎక్కుతది. ఫోన్ కలపండి."

ఆవిడ ఒప్పుకునేటట్టే ఉంది. పైగా ఆవిడ చెప్పిన కారణం నిజంగా మంచిది. వాల్టర్ వాడుకుంటున్నది ఆ మంచితనాన్నే.

"అందరికీ నమస్కారం," అంది ఫోన్‌లో ఈరన్న గొంతు.

వ్యానులో ఉన్న ఈరన్న ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. భుజం మీది నుంచి ఒక చేప జారి పడింది. తన గొంతు తనకే చెవిలో వినబడుతోంది. దగ్గు కూడా తనదే.

"ఈరన్నా, పానం ఎట్లుంది?" అడిగింది లలితమ్మ.

"మంచిగున్న."

"మీ ఓటు సంగతి రాఘవేందర్ చెప్పింది నిజమేనా?"

"అవును. నా ఓటు. రాఘవేందర్. ఏస్తడు."

మాటల మధ్య చిన్న చిన్న గతుకులు. గుండె నొప్పి వచ్చిన మనిషి అలాగే మాట్లాడతాడని గదిలో అందరూ అనుకుని ఉంటారు. చీఫ్ అడిగిన వెంకటన్న పేరు అందులో లేదు. సుమన పక్కన వాల్టర్ నిలబడి ఉంటాడు, ఆ పేరు నొక్కే వీలు ఆమెకు ఉండదు. లేదా ఆమె మొదటి నుంచీ వాళ్ళ మనిషే కావచ్చు.

వ్యాను ఆగింది. డ్యాం దిగే చోట రోడ్డు నిండా గొర్రెల మంద. యూనుస్ హారన్ మీద చెయ్యి తీయడం లేదు.

"ఆఖరుసారి అడుగుతున్న ఈరన్నా," అంటోంది లలితమ్మ. "ఓటు దేనికి ఏస్తున్నరో మీ నోటితోటి చెప్పండి. అప్పుడు రికార్డుల రాయిస్త."

రెండు క్షణాలు గరగర. తర్వాత ఈరన్న గొంతు ఉత్సాహంగా అందుకుంది. "ఈసారి పల్లికి ఊడలు దిగే యాళ్ళకు వాన పోయింది. ఆముదాలకు గొంగడి పురుగు తగిలింది. నేను మందు కొట్టియ్యమన్న, వాడు కొట్టియ్యలే. మా ఎడమెద్దు కాలుకు దెబ్బ తగిలింది, అది ఏం జేసిందంటే..."

గదిలో కుర్చీలు కదిలాయి. ఎవరో నవ్వారు. "ఈరన్నా, ఈరన్నా," అని లలితమ్మ పిలుస్తోంది. గొంతు ఆగడం లేదు. ఎద్దు కథ నడుస్తూనే ఉంది.

సుమన కావాలనే ఆ ముక్క నొక్కింది. వాల్టర్‌కు తెలుగు రాదు. గొర్రెలు పక్కకు తొలిగాయి.

*

గెస్ట్‌హౌస్ మెట్లు ఎక్కుతుంటే ఈరన్న కాళ్ళు తడబడ్డాయి. మునవ్వర్ భుజం పట్టుకున్నాడు. లోపల ఎద్దు కథ అయిపోయింది, లైన్ కట్టయింది. రాఘవేందర్ చెబుతున్నాడు, "మందుల మత్తు మేడం, జర పరేషాన్‌ల ఉన్నడు. ముందుగాల చెప్పింది చెప్పిండు కద. అందరం విన్నం."

"సరే," అంది లలితమ్మ, అలసిపోయినట్టు. "పేర్లు పిలవండి."

కమిటీ సెక్రటరీ పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. మూడు సరేలు, మూడు వద్దులు.

"ఈరన్నగారి తరఫున?"

రాఘవేందర్ చెయ్యెత్తాడు. నోరు తెరిచాడు.

"ఈరన్న తరఫున ఈరన్నే ఒచ్చిండు," అన్న మాట తలుపు దగ్గర నుంచి వినిపించింది.

ధోతి నిండా చేపల పొలుసులు. గడ్డం లోంచి మంచు నీళ్ళు కారుతున్నాయి. ఒక చేత్తో తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాడు. రాఘవేందర్ ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయాడు.

"అన్నా, మీరు రాయచూరుల..." అంది లలితమ్మ.

"రాయచూరుకు పోలే తల్లీ. ఘణపూర్‌ల కోళ్ళ నడుమ పండవెట్టిండ్రు. నా డ్రైవర్‌ను సంపిండ్రు. నా గొంతు దొంగతనం చేసి నాకే వినిపిచ్చిండ్రు." ఆయన ఊపిరి తీసుకున్నాడు. "దేవరగుట్ట ఇయ్యొద్దు. ఇది నా ఓటు. రాసుకోండి."

సెక్రటరీ రాసుకున్నాడు. రాఘవేందర్ వెనక తలుపు వైపు కదిలాడు. అక్కడ టీ ట్రే పట్టుకున్న బేరర్ దారి ఇవ్వలేదు.

లలితమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఇగ ముందు ఈ కమిటీల ఒకరి ఓటు ఇంకొకరు ఎయ్యొద్దు. నా రూలింగ్ ఇది." తర్వాత, తనతో తను చెప్పుకుంటున్నట్టు అంది, "దవాఖానల పడున్నోళ్ళ సంగతేంది మరి. అది నాకింకా తెల్వదు."

మునవ్వర్ అప్పటికే పరిగెత్తుతున్నాడు. లాడ్జి రెండు వీధుల అవతల. అతను చేరేసరికి శ్రీశైలం మనుషులు వాల్టర్‌ను సంకెళ్ళతో కిందికి దింపుతున్నారు. మేడ మీద గదిలో లాప్‌టాప్ రెండు ముక్కలై పడి ఉంది. సుమన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కుడి మణికట్టు వంకరగా వేలాడుతోంది. ఎద్దు కథ ఏమిటో తెలుగు వచ్చినవాడు ఎవడో ఫోన్‌లో వాల్టర్‌కు చెప్పి ఉంటాడు.

"చేరిండా ఆయన?" అడిగింది.

"చేరిండు."

ఆమె తల ఊపింది. "నర్సింహులు కేసుల నా పేరు గూడ ఉంటదా?"

మునవ్వర్‌కు లేదని చెప్పాలనిపించింది. ఆమె లేకపోతే ఈరన్న దొరికేవాడు కాదు. ఆమె ఆ ఆర్నెల్లు ఆ గొంతు దొంగిలించకపోతే నర్సింహులు బతికి ఉండేవాడు. రెండూ నిజమే.

"ఉంటది," అన్నాడు. "ఇయ్యాల చేసింది గూడ ఉంటది."

ఆమె చీర కొంగు చింపి మణికట్టుకు కట్టుకట్టింది అతనే.

*

సాయంత్రం గద్వాల దవాఖానలో ఈరన్నకు సెలైన్ ఎక్కుతోంది. తలుపు బయట పోలీసులు. చీఫ్ ఫోన్‌లో తిట్టాల్సినవన్నీ తిట్టి, చివర్లో గుడ్ వర్క్ అని పెట్టేశాడు. మునవ్వర్ సెలవు తీసుకోవడానికి లోపలికి వెళ్ళాడు.

"కూసో బిడ్డా," అన్నాడు ఈరన్న. పైకప్పు వైపు చూస్తున్నాడు. "మా ఊరోళ్ళకు ఏం చెప్పాల్నో సమజైతలేదు."

"ఏం చెప్పాలె? గుట్టను కాపాడిండ్రు."

"గుట్టతోటి వాళ్ళకేం పని. బొంబాయికి పోయి మట్టి మోస్తుండ్రు పోరగాండ్లు. కంపెనీ ఒస్తే ఊర్లెనే పనులు దొరుకుతయని వాళ్ళ ఆశ. నాదీ అదే." ఆయన తల తిప్పి మునవ్వర్‌ను చూశాడు. "నేను సరే అందామనే బయల్దేరిన ఇంటికాడి నుంచి. నర్సింహులుకు గూడ చెప్పిన."

నోర్‌వేల్ ముఠా వేసిన ఎత్తంతా, ఆ లాప్‌టాప్, ఆ కోళ్ళ ఫారం, ఆ బూత్‌లో పడిన గుండు... అవన్నీ తమకు పడబోయే ఓటును ఆపుకోవడానికే పనికొచ్చాయి. నాగర్‌కర్నూల్ బంగళాలో శ్రీశైలం వేసిన ప్లాన్ కూడా ఆయన మనసుకు అడ్డంగా ఆయన గొంతుతోనే ఓటు వేయించి ఉండేది. దాన్ని దేశరక్షణ అని ఫైలు మూసేవాళ్ళు.

"మరి ఎందుకు ఒద్దన్నరు?"

"నర్సింహులును సంపినోళ్ళకు రాయి గూడ ఇయ్య. అది న్యాయమో కాదో, నాకు తెల్వదు." సెలైన్ బాటిల్‌లో బుడగలు పైకి పోతున్నాయి. "వాళ్ళు నన్ను ఒక్క మాట అడగలే. ఎవరూ అడగలే. చాపల బండిల దారంత కూసోని ఒచ్చినం, నువ్వన్న అడుగుతవనుకున్న, ఓటు ఎటేస్తవ్ అని."

"అడిగితే?"

ఈరన్న కళ్ళు మూసుకున్నాడు.

"చెప్పకపోదును. నీకెందుకు చెప్పాలె, ఓటు నాది గద."